ఊ కొట్టని శ్రోత: మా వీధి పెద్దల మాటల కోసం కొన్న రికార్డరు

ముందే చెబుతున్నాను, ఎలక్ట్రానిక్ వస్తువుల గురించి రాయడం నాకు అలవాటు లేదు. ముప్పై ఒక్క ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. ఇంట్లో మిక్సీ ఆగిపోతే ఒకసారి తట్టి, ఒకసారి తిట్టి, ఆ తర్వాత మెకానిక్‌ను పిలిచే రకం. అయినా ఈ సమీక్ష రాయడానికి కూర్చున్నానంటే కారణం ఉంది. ఈ పరికరం కొనే ముందు నేను చదివినవన్నీ పాటలు పాడేవాళ్లు, వీడియోలు తీసేవాళ్లు రాసినవే. ఎనభై దాటిన మామ్మగారి ముందు, గిరగిర తిరిగే ఫ్యాను కింద, పక్కింటి కుక్కరు కూతల మధ్య ఇది ఎలా పనిచేస్తుందో ఒక్కరూ రాయలేదు.

మాది రాజమహేంద్రవరంలో కోటిలింగాల రేవుకు దగ్గరలో ఉన్న వీధి. కిందటి వేసవిలో నా దగ్గర చదువుకున్న నలుగురు పిల్లలు ఇంటికి వచ్చారు. ఒకమ్మాయి డిగ్రీ చివరి ఏడు, ఇంకొకమ్మాయి బ్యాంకు పరీక్షలకు తయారవుతోంది, ఒకబ్బాయిది పాలిటెక్నిక్, నాలుగోవాడు సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. పాలిటెక్నిక్ అబ్బాయి తాతగారు అంతకు నెల ముందే పోయారు. ఆ పెద్ద కార్యం రోజున భోజనాల బంతిలో కూర్చున్నవాళ్లంతా ఆయన పడవ కబుర్లే చెప్పుకున్నారట. ప్రతివారికీ ఒక ముక్క తెలుసు, మొత్తం ఎవరికీ తెలియదు. "టీచర్ గారూ, మన వీధిలో మిగిలినవాళ్లనైనా మాట్లాడించి దాచుకుందాం" అన్నాడు వాడు.

ఈ పని తెలుగులో కొత్తదేమీ కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలను స్త్రీ శక్తి సంఘటన వారు సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వేశారు. పిల్లలకు ముందు ఆ పుస్తకమే చేతిలో పెట్టాను. మా వీధిలో పోరాటాలేవీ జరగలేదు. వరదలు వచ్చాయి, వంతెనలు వచ్చాయి, లాంచీలు పోయాయి. అవే మా విషయాలు.

మొదటి నెల ఫోనుతోనే లాగించాం. ఫోను తీసిపారేసే వస్తువేమీ కాదు, ఫొటోలకు అదే గతి. కానీ మాట మధ్యలో ఎవరో ఒకరు ఫోను చేస్తారు. విమానంలో ఎక్కినప్పటి పద్ధతిలో పెడదామంటే ఒకసారి గుర్తుంటుంది, మూడుసార్లు ఉండదు. చుట్టుపక్కల చప్పుడు తగ్గించాలన్న ఆత్రంలో అది మెల్లగా అన్న మాటలను కూడా మింగేస్తుంది. పైగా పిల్లల చేతిలో ఫోను కనపడగానే పెద్దవాళ్లకు ఒకటే అనుమానం, వీళ్లు వింటున్నారా, ఏదైనా చూసుకుంటున్నారా అని. అందుకని తలా కాస్త వేసుకుని, సగం నేను వేసి, తొమ్మిది వేల చిల్లరకు ఒక చేతి రికార్డరు కొన్నాం. కంపెనీ పేరు రాయను. ఈ ధరలో దొరికేవి రెండు మూడు చూశాను, తేడా రంగులోనే ఎక్కువగా కనపడింది. అరచేతిలో ఇముడుతుంది, నెత్తిన రెండు మైకులు కత్తెర వేసినట్టు అడ్డంగా ఉంటాయి, రెండు సన్న పెన్సిల్ సెల్లు, వేలిగోరంత మెమరీ కార్డు. ఐదు చుక్కలకు మూడున్నర ఇస్తాను. పోయిన ఒకటిన్నర ఎక్కడ పోయాయో చెబుతాను.

ముందు మంచి. ఇది వింటుంది. ఎంత వింటుందంటే, మొదటి రికార్డింగును హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్న రోజున డిగ్రీ అమ్మాయి మొహం మాడిపోయింది. మామ్మగారు "అప్పట్లో కొవ్వూరులో లాంచీ ఎక్కి ఇటు దిగేసరికి..." అని అందుకోబోతుంటే ఈ పిల్ల "అవునా మామ్మగారూ! అబ్బో!" అంటూ అడ్డం పడింది. మామ్మగారి మాట అక్కడ తెగి ఇంకో దారి పట్టింది. నలభై నిమిషాల్లో తను ఎన్ని ఊలు, ఎన్ని ఆహాలు పలికిందో లెక్కపెట్టుకుంది పాపం, నూటికి పైనే తేలాయి. లాంచీ దిగేసరికి ఏమైందో మాకు ఇప్పటికీ తెలియదు. మళ్లీ వెళ్లి అడిగితే "ఏమో తల్లీ, ఏం చెప్పబోయానో" అందావిడ.

ఆ రోజు నుంచి పిల్లలు నోరు కట్టుకుని తల ఊపడం నేర్చుకున్నారు. రెండు వారాలు అంతా బాగుందనుకున్నాం. అప్పుడు వీధి చివరి తాతగారొకరు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, "ఏమర్రా, వింటున్నారా, కునుకుతున్నారా? ఊ కొట్టకపోతే కథ ఎలా చెప్పేది?" అని కసిరారు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మన ఇళ్లలో కథ అంటే చెప్పేవాళ్లు ఒకరు, ఊ కొట్టేవాళ్లు ఒకరు. ఊ ఆగితే పిల్లవాడు నిద్రపోయాడని కథ ఆపేసిన అమ్మమ్మల చేతుల్లో పెరిగినవాళ్లం. ఈ యంత్రాన్ని తయారు చేసినవారికి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

దీనికి మందు ఐదు వందల రూపాయలలో దొరికింది. రికార్డరు పక్కన చిన్న రంధ్రం ఉంది, దానికి కాలరు మైకు తగిలించవచ్చు. చొక్కా గుండీ దగ్గరో, చీర కొంగు మడతలోనో పెడితే పెద్దవాళ్ల గొంతు దగ్గరగా వస్తుంది, పిల్లల ఊ ఎక్కడో పెరట్లోంచి వినిపించినట్టు ఉంటుంది. ఊ బతికింది, మాటా బతికింది. మైకు కొనే ముందు ఒక్కటి చూసుకోండి, కొన్ని ఫోనుకు మాత్రమే పనికివస్తాయి. మా దుకాణం కుర్రాడు మూడు గీతల పిన్ను, రెండు గీతల పిన్ను అని తేడా చూపించాడు. రికార్డరుకు రెండు గీతలదే పట్టింది.

ఇక ఫ్యాను. రాజమండ్రి ఎండల్లో (కొత్త పేరు కాగితం మీద, పాత పేరు నోటి మీద, ఏమీ అనుకోకండి) ఫ్యాను ఆపి ముసలివాళ్లను కూర్చోబెట్టడం పాపం. కింది స్థాయి మోతను కోసేసే మీట ఒకటి ఉంది, అది వేస్తే సగం తగ్గుతుంది. అసలు శత్రువు ఫ్యాను కూడా కాదు, "ఆటో" అన్న మీట. గొంతు తగ్గితే అది తనంతట తానే ధ్వని పెంచుకుంటుంది. వినడానికి సౌకర్యంగానే ఉంది. కానీ మనిషి మాట ఆపి ఆలోచిస్తున్నప్పుడు కూడా, ఏదో వినపడటం లేదని కంగారుపడి ఫ్యానును, గోడ గడియారాన్ని, వీధిలో కూరలవాడిని పట్టి తెచ్చి పెడుతుంది. "మావారు కొవిడ్‌లో పోయారు" అని చెప్పి ఒకావిడ ఆగిపోయారు. తర్వాత వింటే ఆ ఆగినచోట వంకాయలు, బెండకాయలు. ఆటో తీసేయండి. చేత్తో పెట్టుకుని, మామూలు మాటకు ధ్వని కొలత చూపే ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకోండి. దగ్గినా నవ్వినా పగలకుండా ఆ పైన చోటుంటుంది.

పరికరాన్ని నేరుగా బల్ల మీద పెట్టకూడదన్నది ఒక గ్లాసు టీ నేర్పింది. గ్లాసు పెట్టిన చప్పుడు పిడుగులా పడింది. కింద నాలుగు మడతల తువ్వాలు వేస్తే చాలు.

ఇప్పుడు పోయిన ఒకటిన్నర చుక్కల సంగతి. ఇందులో ఒక చుక్క పూర్తిగా ఎర్ర దీపానిదే. మీట ఒకసారి నొక్కితే ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుంది, సిద్ధంగా ఉన్నానని దాని అర్థం. రెండోసారి నొక్కితే నిలకడగా వెలుగుతుంది, రికార్డవుతోందని అర్థం. మామూలు మనిషికి దీపం ఆడుతుంటే పని జరుగుతోందనే కదా తోస్తుంది?

మా వీధిలో లాంచీ నడిపే సరంగుగా చేసి మానేసిన ఒకాయన ఉన్నారు. 1986 ఆగస్టు వరదప్పుడు ఆయన నీటి మీదే ఉన్నారు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చిన వరద అది. ఆ అంకె నేను పాఠంలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఆయనకు అంకెలతో పని లేదు. లంకలోంచి మనుషులను ఎక్కించుకుని వస్తుంటే చీకట్లో నీటి మీద గడ్డివాము తేలుతూ ఎదురొచ్చిందట, దాని మీద ఒక కుక్క, రెండు కోళ్లు. కుక్క మొరగలేదట. "అది మొరిగి ఉంటే నాకు భయం వేసేది కాదు" అన్నారాయన. ఆ మాట అని చాలాసేపు గోడ వైపు చూశారు. ముప్పావు గంట తర్వాత బ్యాంకు పరీక్షల అమ్మాయి వంగి చూస్తే దీపం ఇంకా మిణుకుమంటూనే ఉంది. గడియారం అంకె సున్నా.

ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. ఇంటికి వచ్చి నలుగురినీ నాలుగు మూలల కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు రాయమన్నాను. విన్న రెండు గంటలకే రాసిన ఆ నాలుగు కాగితాలు నా బీరువాలో ఉన్నాయి. ఒకదాంట్లో కోళ్లు రెండు, ఒకదాంట్లో నాలుగు. ఒకదాంట్లో లాంచీని గుడి స్తంభానికి కట్టారు, ఇంకోదాంట్లో వేపచెట్టుకు. గడ్డివాము ఒక కాగితంలో అసలు లేనే లేదు. మర్నాడు సరంగు గారి కాళ్లా వేళ్లా పడితే మళ్లీ చెప్పారు. దీపం నిలకడగా వెలిగింది, ధ్వని అద్దంలా వచ్చింది. కథ పదిహేను నిమిషాల్లో అయిపోయింది. సభలో మాట్లాడినట్టు వరసగా, తడబడకుండా చెప్పారు. కుక్క ఉంది, మొరగలేదన్న మాట లేదు. గుర్తు చేద్దామని డిగ్రీ అమ్మాయి నా వైపు చూసింది. వద్దని సైగ చేశాను. మనం అందిస్తే అది మన మాట అవుతుంది. సరిగ్గా చేశానో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మిగతా అర చుక్క గడియారానిది. సెల్లు తీసి పది పన్నెండు రోజులు పక్కన పెడితే దీనికి తేదీ గుర్తుండదు. మళ్లీ పెట్టగానే ఏదో పాత సంవత్సరం జనవరి ఒకటిలో మేలుకుంటుంది. అలా మా ఐదుగురు పెద్దలు ఒకే జనవరి ఒకటిన మాట్లాడినట్టు ఫైళ్లు తయారయ్యాయి. ఇప్పుడు పిల్లలు మొదట్లోనే తేదీ, వారం, ఎవరి ఇల్లు, ఎవరెవరు ఉన్నారు అన్నది నోటితో చెప్పి ఆ తర్వాత ప్రశ్న అడుగుతున్నారు. సంకల్పం చెప్పుకున్నట్టు ఉంటుందని మామ్మగార్లకు ఇది తెగ నచ్చింది.

తేదీల విషయంలో పెద్దవాళ్లు యంత్రం కంటే నయం, పద్ధతి తెలిస్తే. 1953 వరదను, 86 వరదను కలిపేసి ఒకే వరదగా చెప్పిన తాతగారిని పాలిటెక్నిక్ అబ్బాయి దిద్దబోయాడు. ఏ సంవత్సరం అని అడిగితే ఎవరైనా తడబడతారు. అప్పటికి మీకు పెళ్లయిందా, రోడ్డు వంతెన వచ్చిందా అని అడిగితే ఠక్కున చెబుతారు. మా ఊరికి రోడ్డు వంతెన 1974లో వచ్చింది. దానికి ముందు కొవ్వూరు వెళ్లాలంటే రైలో, లాంచీయో, పడవో. ఇంకా సందేహముంటే పుష్కరాలు ఉండనే ఉన్నాయి: 1979, 1991, 2003, 2015. "ఏ పుష్కరాలకు మీ పెద్దబ్బాయి చంకలో ఉన్నాడు?" అని అడగండి, నెల సహా చెబుతారు. నేను తరగతి గదిలో ముప్పై ఏళ్లు సంవత్సరాలు బట్టీ పట్టించాను. ఈ పద్ధతి అప్పుడే తెలిసి ఉంటే కొంతమంది పిల్లలకు నా మీద అంత కోపం ఉండేది కాదు.

ఆరుబయట మాత్రం దీనిని నమ్ముకోకండి. పాత రైలు వంతెన, అదే హేవలాక్ వంతెన, 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసింది. ఈ నలుగురూ పుట్టేసరికే దాని మీద రైలు లేదు. ఆ చప్పుడు వేరుగా ఉండేదని ప్రతి ఇంట్లోనూ చెప్పారు. ఒకావిడ అయితే పీట మీద వేళ్లతో వాయించి చూపించారు, అది రికార్డులో ముచ్చటగా వచ్చింది. పోల్చుకోవడానికి ఇప్పటి వంతెన మీద రైలు చప్పుడు తెద్దామని పిల్లలు సాయంత్రం రేవుకు వెళ్లారు. తెచ్చింది రైలు కాదు, గోదావరి గాలి హోరు. పెట్టెలో వచ్చిన నురుగు తొడుగు ఆ గాలికి ఏ మూలకూ సరిపోదు. నా మనవడి కోతి టోపీ తొడిగితే కాస్త మెరుగైంది. కాకపోతే కోతి టోపీ పెట్టుకున్న రికార్డరును చూసి మెట్ల మీద ఉన్న జనమంతా నవ్వారు, ఆ నవ్వులు కూడా పడ్డాయి.

మెనూ అంతా ఇంగ్లీషు, చీమ తలకాయంత అక్షరాలు. నాకు కళ్లజోడు చాలక భూతద్దం వాడాల్సి వచ్చింది. సెల్లు మార్కెట్లో దొరికేవే, ఒక జత రెండు మూడు పూటలు వస్తుంది. కార్డు విషయానికి వస్తే, ధ్వని నాణ్యతను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో పెడితే రెండు మైకులతో గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. చోటు కోసం ఎంపీ3లో పెడదామని దుకాణం కుర్రాడు అన్నాడు కానీ, ఒకసారి నలిపిన ధ్వనిని మళ్లీ విప్పలేమని తనే ఒప్పుకున్నాడు. వాట్సాప్‌లో పంపుకున్నవి వినడానికే గానీ దాచుకోవడానికి పనికిరావు. మాకు ఇప్పటికి ఇరవై ముగ్గురివి, ముప్పై గంటలకు పైగా ఉన్నాయి. ఒక డిస్కు మా ఇంట్లో, ఒకటి డిగ్రీ అమ్మాయి ఇంట్లో, మేడ మీద. వరద కథలు దాచుకునేవాళ్లు డిస్కులను కింది గదిలో పెట్టుకోకూడదన్నది పిల్లలే చేసిన ఏర్పాటు.

కాగితం మీదకు ఎక్కించడం ఈ సమీక్ష పరిధిలోకి రాదు గానీ, కొనేవాళ్లు లెక్కలో వేసుకోవాలి. గంట మాటకు ఆరు గంటల రాత పడుతుంది. మాటను అక్షరంగా మార్చే సౌకర్యం ఒకటి వాడి చూశాం. "లాంచీ ఎక్కాం" అన్నదాన్ని అది "లంచం ఎక్కాం" అని రాసింది, సరంగు గారు పరువు నష్టం దావా వేయవలసినంత పని. టైపు చేయించేవాళ్లు యూనికోడ్‌లో ఇమ్మని ముందే గట్టిగా చెప్పండి. మేము మొదటి మూడూ పాత డీటీపీ ఫాంటులో చేయించాం, కంప్యూటర్‌లో "వరద" అని వెతికితే ఒక్క వరదా దొరకదు.

కొనవచ్చా అంటే, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లతో ఒక్కసారి మాట్లాడి వదిలేసేవాళ్లకు ఫోను, మంచి కాలరు మైకు చాలు. నెలల తరబడి ఇళ్లకు తిరిగేవాళ్లు కొనుక్కోవచ్చు. కొన్న మొదటి వారం బయట ఎక్కడికీ తీసుకువెళ్లకుండా మీ అమ్మనో నాన్ననో కూర్చోబెట్టి, దీపం ఆడటానికీ వెలగడానికీ ఉన్న తేడా మీ వేలికి అలవాటయ్యేదాకా నొక్కండి.

చెత్తబుట్ట బొమ్మ ఉన్న మీట గురించి ఇంకా చెప్పలేదు. మేము దాన్ని ఒక్కసారే వాడాం. మా ఎదురింటి మామ్మగారు ఒక మధ్యాహ్నం, ఎప్పుడూ లేనిది, అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు తన పుట్టింటి నగలు ఏమయ్యాయో ఇరవై నిమిషాలు చెప్పారు. మర్నాడు తెల్లవారకముందే కబురు పంపారు. డిగ్రీ అమ్మాయితో నేను కూడా వెళ్లాను.

"నిన్న చెప్పింది తీసెయ్యమ్మా. నా కొడుకులు వింటే బాగుండదు."

ఎవరికీ వినిపించం, మామ్మగారు సంతకం చేసిన అనుమతి కాగితంలో కూడా ఆ మాటే ఉంది, యాభై ఏళ్లకు పనికివచ్చే చరిత్ర అని పాలిటెక్నిక్ అబ్బాయి మేము బయలుదేరే ముందే ఫోనులో నాతో వాదించి ఉన్నాడు. వాడి వాదనలో బలం లేకపోలేదు. కానీ ఆ నగలు వాడివీ కాదు, నావీ కాదు.

అమ్మాయి రికార్డరు తీసింది. మామ్మగారు కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చున్నారు. చెత్తబుట్ట మీట నొక్కితే అది ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగింది. "ఏమంటోంది?" అన్నారు. "తీసెయ్యమంటారా అని అడుగుతోంది మామ్మగారూ." "మర్యాద తెలిసిందే" అన్నారావిడ. తీసేశాం. అప్పుడు ఆ పిల్ల, నేను చెప్పకుండానే, "మామ్మగారూ, నిన్న రాత్రి దీన్ని కంప్యూటర్‌లోకి కూడా ఎక్కించాను, అక్కడ ఇంకొకటి ఉంది" అంది. ల్యాప్‌టాప్ తెప్పించారు. అందులోదీ తీయించారు. తీసినవి పోయి పడే బుట్ట ఇంకొకటి ఉంటుందని తెలుసుకుని దాన్నీ ఖాళీ చేయించారు. మళ్లీ రికార్డరు చేతిలోకి తీసుకుని, ఆఖరున ఏముందో వినిపించమన్నారు. వీధి చివరి తాతగారి గొంతు వచ్చింది, ఊ కొట్టమని కసురుతూ. నవ్వారు.

కొంగుతో దాని మొహం ఒకసారి తుడిచి, అమ్మాయి చేతికిచ్చి, "ఇప్పుడు వెలిగించు, మా అమ్మ నాకు ఈత ఎలా నేర్పిందో చెబుతాను" అన్నారు. అమ్మాయి మీట నొక్కింది. మామ్మగారు వంగి చూసి, "ఆడుతోంది, ఇంకోసారి నొక్కు" అన్నారు.